ఆస్పత్రి చెప్పులు

మా ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో డాక్టరు గారి పేరు తెలిసినవాళ్ళు తక్కువ. నా పేరు తెలిసినవాళ్ళు అసలే లేరు. మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటాను కాబట్టి నేను మందులమ్మాయిని. నలభై దాటి చాలా కాలమైంది, అయినా అమ్మాయినే. చెప్పులత్త సంగతి వేరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. నిజానికి నేనామెకు కోడలినీ కాను, మేనకోడలినీ కాను. అందరూ అత్తా అంటుంటే నేనొక్కదాన్నే బిగుసుకుని ‘ఏమండీ’ అనడం బాగోదని నేనూ అత్తా అన్నాను. అన్న మర్నాటి నుంచే ఆవిడ నా మీద అత్తరికం చెలాయించడం మొదలుపెట్టింది.

ఆస్పత్రి అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ముందు పొడవాటి వరండా, అంతే. పట్నంలోని కొందరు పెద్దమనుషులు చందాలు వేసుకుని పేదవాళ్ళ కోసం కట్టించారు. డాక్టరు గారు రోజు విడిచి రోజు వస్తారు. ఫీజు లేదు. నా కిటికీ పక్కన మూతకి చీలిక ఉన్న రేకు డబ్బా ఒకటి ఉంటుంది. ఇవ్వగలిగినవాళ్ళు ఉన్నంతలో అందులో వేస్తారు. లేనివాళ్ళు వేసినట్టు చెయ్యి ఆడించి వెళ్ళిపోతారు. ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో చూడకూడదన్నది మా నియమం. నేను చూడను. అత్త చూస్తుంది, కానీ ఎవరితోనూ అనదు.

మొదట్లో వచ్చినవాళ్ళకి అంకెలేసిన చీటీలు ఇచ్చేవాళ్ళం. అవి చెమటకి తడిసేవి, పిల్లలు నమిలేసేవారు, పెద్దవాళ్ళు ఎక్కడో పెట్టుకుని మర్చిపోయేవారు. నా వంతంటే నా వంతని రోజూ జుట్లు పట్టుకునే దాకా వచ్చేది. అత్త అప్పటికి వరండా ఊడ్చే పనిలో కొత్తగా చేరింది. ఒకరోజు అరికాలి మంట నెత్తికెక్కి చీపురు విసిరి కొట్టింది.

“నిలబడే ఓపిక ఉంటే వీళ్ళు ఆస్పత్రికి ఎందుకొస్తారు? మనుషుల్ని కూర్చోబెట్టండి, వాళ్ళ చెప్పుల్ని నిలబెట్టండి!” అంది.

ఆ రోజు నుంచి చెప్పుల వరస వచ్చింది. వచ్చినవాళ్ళు గోడవార చెప్పులు విడిచి, పోయి చెట్టు నీడన కూర్చుంటారు. తలుపు పక్కన ఎత్తుపీట మీద అత్త, చేతిలో కర్ర. ముందు జత లోపలికి పోగానే వెనక జతల్ని కర్రతో ఒక్కొక్కటే ముందుకి జరుపుతుంది. “మడమ అరిగిన నల్ల జత, లోపలికి!” అని కేకేస్తుంది. చెప్పుల తాలూకు మనిషి పరుగున వస్తాడు. గొడవలన్నీ చేత్తో తీసేసినట్టు పోయాయి. పట్నం పెద్దమనుషులు చూసి మురిసిపోయారు. ఆ వరసను ఫోటో తీయించి, అద్దం కట్టించి, వరండాలో తగిలించారు. ఆ ఫోటోలో అత్త లేదు, ఆవిడ కర్ర చివర మాత్రం పడింది. అయినా సరే వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. పొద్దస్తమానం కిందికే చూసీ చూసీ ఆమె మెడ కాస్త ముందుకి వంగిపోయింది. జబ్బులు కూడా చెప్పుల్నిబట్టి తేల్చేసేది. “ఇదిగో, ఎడమ పక్క అరిగింది, ఇది నడుం నొప్పి” అని నాకు సైగ చేసేది. ఆ మనిషి లోపలికెళ్ళి జలుబని చెప్పేవాడు. నూటికి తొంభైసార్లు అత్త పప్పులో కాలేసేది. ఒప్పుకునేది మాత్రం కాదు. “జలుబు పైకి చెప్పుకునేది, నడుం నొప్పి లోపల దాచుకునేది” అనేది. ఇంక ఎవరు వాదిస్తారు?

అంత గట్టి మనిషిని ఒక జత రబ్బరు చెప్పులు తికమక పెట్టాయి.

ఆకుపచ్చ చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే రాగి తీగతో కట్టారు. తీగ మొన గుచ్చుకోకుండా గుడ్డపేలిక చుట్టారు. మొదటిసారి అత్త వాటిని చూసినప్పుడు వాటి తాలూకు మనిషి దగ్గుతూ వచ్చిన ఓ ముసలావిడ. ఆ చెప్పులు మళ్ళీ వచ్చినప్పుడు అత్త వాటిని జరుపుతూనే పలకరించింది.

“దగ్గు తగ్గిందా?”

“నాకు దగ్గు లేదమ్మా” అంది ఎవరో లేతగొంతుతో.

అత్త తలెత్తింది. నెలలు నిండిన పిల్ల, పొట్ట పట్టుకుని నిలబడి ఉంది.

“మొన్న వచ్చావుగా?”

“లేదమ్మా, నేనిదే రావడం.”

ఆ తర్వాత అవే చెప్పులతో ఒక భారీ మనిషి వచ్చాడు. ఆయన పాదాలు సగం చెప్పుల్లో, సగం నేల మీద. అత్త ఈసారి ఊరుకోలేదు. “ఏమయ్యా, ఈ చెప్పులు నీవేనా?” అని నిలదీసింది. ఆయన తడబడ్డాడు. కాళ్ళకేసి చూసుకున్నాడు. “నావేనమ్మా” అన్నాడు. ఆ ‘నావే’ అన్న మాట దగ్గరే అత్తకి తల తిరిగిపోయింది.

“అమ్మాయ్, ఒకే జత, ముగ్గురు మనుషులు. ఎవరిని అడిగినా నావే అంటున్నారు. ఇదేం విడ్డూరం?” అని నా కిటికీ దగ్గరకొచ్చి గుసగుసలాడింది.

“ఆకుపచ్చ చెప్పులు లోకంలో ఒక్క జతే ఉంటాయా అత్తా?” అన్నాను పొట్లాలు కడుతూ.

“రాగి తీగ కూడానా? పేలిక కూడానా?”

నేను తల కూడా ఎత్తలేదు. జనం కిక్కిరిసి ఉన్నారు, నాకు అప్పుడు చెప్పుల గోల ఎందుకు?

కానీ అత్తకి అది చెవిలో జోరీగ అయిపోయింది. అందులో ఆమెను పీడించిన భయం ఏమిటో నాకు తర్వాత చెప్పింది. వాళ్ళమ్మకి చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. మొదట ముఖాలు పోయాయట. వంటిల్లు గుర్తుంది, బావిగట్టు గుర్తుంది, మనుషులు మాత్రం గుర్తులేరు. కన్నకూతుర్ని చూసి “ఎవరమ్మా నువ్వు, మంచిదానిలా ఉన్నావు” అనేదట. ఆ కబురు అత్త ఇదివరకు చాలాసార్లు చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. ఈసారి నవ్వలేదు.

“చెప్పులు అబద్ధం చెప్పవు కదే. ముగ్గురూ ఒకే మనిషి అయ్యుండాలి. నాకే వేరువేరుగా కనిపిస్తున్నారేమో.”

“ముసలావిడా, గర్భిణీ, మొగాడూ ఒకే మనిషి ఎలా అవుతారు అత్తా?”

“అదే కదా నేననేది! మంచి బుర్ర ఉన్నవాళ్ళకి అలా కనిపిస్తుందా?”

 

అత్త కోడలు మందులకని వచ్చి నాతో మొరపెట్టుకుంది. “వదినా, అత్తయ్య పొద్దున లేస్తూనే నన్ను వెలుతుర్లో నిలబెట్టి ముఖంకేసి చూస్తున్నారు. నిన్న అయితే నా ముక్కు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. ఏం కావాలి అత్తయ్యా అంటే, ఏం లేదు, ఉన్నావో లేదో చూస్తున్నా అన్నారు. నేనేం తప్పు చేశాను?”

మా నవ్వు మాకే ఎబ్బెట్టుగా తోచి ఇద్దరం ఆపేశాం.

భయం పట్టుకున్న మనిషికి చెయ్యి కుదురుగా ఉండదు. అత్త కర్రతో ఒక జత జరపబోయి ఇంకో జత జరిపేది. ఒకసారి ముందున్నవాణ్ణి వెనక్కి, వెనకున్నవాణ్ణి ముందుకి పంపింది. వెనక్కి పడ్డవాడు వరండా ఎగిరిపోయేలా కేకలేశాడు. అన్నేళ్ళుగా ఆ వరండాలో అలాంటి కేక వినపడలేదు. డాక్టరు గారు స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని బయటికొచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం అత్తను లోపలికి పిలిచారు. తోడుగా నన్నూ ఉండమన్నారు. డాక్టరు గారు మెత్తని మనిషి. ఆయన గొంతు ఇంకా మెత్తబడిందంటే విషయం బాగోలేదని అర్థం.

“ఇవాళ ఏ వారం అమ్మా?” అన్నారు.

“క్యాలెండరు మీ వెనకే ఉంది, చూసుకోండి” అంది అత్త.

ఆయన నవ్వారు. నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఈ నోరు ఉన్నంతకాలం ఈవిడకేం కాదనుకున్నాను.

“సరే. ఇందాక, మీ ముందు నుంచి లోపలికొచ్చిన చివరి మనిషి ఎవరో చెప్పండి.”

“గోధుమరంగు తోలు జత. కుడిది ముందు నోరు తెరిచింది, మేకు కొట్టించాలి.”

“మనిషి అమ్మా. ఆడా, మగా?”

 అత్త నాకేసి చూసింది.  ఆవిడకి తెలియదు. నిజంగానే తెలియదు.

“దాని ముందు వచ్చినవాళ్ళు?” అన్నారు డాక్టరు గారు.

“నీలం పట్టీలు...” అని ఆగిపోయింది.

ఇంక ఆయన ఏమీ అడగలేదు. వయసు వల్ల అందరికీ వచ్చేదేననీ, భయపడొద్దనీ, ఈ వారం తర్వాత ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోమనీ చెప్పారు. పీట మీదికి ఇంకెవరినైనా పంపమని పట్నం వాళ్ళతో తనే మాట్లాడతానన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. నేనూ అలాగే అనుకున్నాను. మనిషి ఆడో మగో తెలియకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? వరండాలోకి వచ్చాక మాత్రం నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళు ముఖాలకేసి చూడకుండా చెప్పులకేసి చూసిన మనిషి ముఖం ఎలా చెబుతుందన్న ఆలోచన నాకూ రాలేదు, చదువుకున్న ఆయనకీ రాలేదు, చివరికి అత్తకీ రాలేదు.

“వారం చివరిదాకా ఉంటానుగా” అంది అత్త. “ఆ చెప్పులు ఈలోగా మళ్ళీ వస్తాయి. అవి ఎక్కడికి పోతాయో చూస్తాను. నువ్వు నా వెంట రావాలి. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు, నీ కళ్ళు కావాలి.”

వచ్చాయి. ఈసారి బుగ్గ వాచి, పన్ను నొప్పితో మెలికలు తిరిగిపోతున్న ఒక మధ్యవయసు మనిషితో వచ్చాయి. అత్త పీట దిగి, ఆయన ఎదుట నిలబడి, ముక్కూ కళ్ళూ బుగ్గా కొలత తీసుకుంటున్నట్టు చూసింది. ఆయన బెదిరిపోయాడు. మందు తీసుకుని, చెప్పులు తొడుక్కుని బయటపడ్డాడు. అప్పటికి జనం పలచబడ్డారు. డాక్టరు గారు భోజనానికి కూర్చున్నారు. అది అయ్యాక కారెక్కి వెళ్ళిపోతారు, మళ్ళీ ఎల్లుండే రావడం. నేను కిటికీ మూసేశాను. అత్త కర్ర గోడకి ఆనించింది. ఇద్దరం దొంగల్లా ఆయన వెనక పడ్డాం.

రోడ్డు మలుపు తిరగ్గానే ఆయన ఆగి, అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచాడు. దుమ్ము దులిపాడు. చంకలో పెట్టుకుని, మండే రోడ్డు మీద ఒట్టికాళ్ళతో నడక సాగించాడు.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నువ్వూ చూశావా?”

“చూశాను.”

“చెప్పులు చంకలో పెట్టుకున్నాడు కదూ?”

“పెట్టుకున్నాడు అత్తా.”

“కాళ్ళకి కాకపోతే మరి చెప్పులెందుకే?”

నాకేం తెలుసు! దొంగ సొత్తేమో అనుకున్నాను. మొక్కేమో అనుకున్నాను. మా ఆస్పత్రిలో వంతులు అమ్ముకునే ముఠా ఏదో తయారైందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. దారి పొడుగునా తలో మాటా అనుకుంటూ, ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటూ నడిచాం. ఇద్దరిలో ఎవరికీ ఏమీ అంతు చిక్కలేదు.

దారి కంకర క్వారీ దగ్గరికి పోయింది. ఆ పక్కనే క్వారీ కూలీల గుడిసెలు. ఆకుల మీద, కప్పుల మీద, నీళ్ళ కుండల మీద తెల్లటి పొడి. ఆస్పత్రికి ఇంత దగ్గర్లో ఇన్ని కాపురాలు ఉన్నాయని నాకు తెలియదు. అక్కడి మనుషుల్ని చూస్తే ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో వెంటనే పట్టుకోలేకపోయాను. అత్త పట్టుకుంది, ఆవిడ చూపు ఎప్పుడూ కిందే కదా.

“ఒక్కరికీ చెప్పుల్లేవే” అంది.

పన్ను నొప్పి మనిషి చివరి గుడిసె ముందు ఆగి చెప్పుల్ని ఒక ముసలావిడకి అప్పగించి, నీళ్ళు పుక్కిలించడానికి అవతలికి పోయాడు. ముసలావిడ దగ్గుతూ వాటిని తడిగుడ్డతో తుడిచింది, అడుగుభాగం కూడా తుడిచింది, ద్వారం పక్కన మేకుకి తగిలించింది. లోపలికి తల పెట్టి “ఈసారి నీదేనే తల్లీ, ఎల్లుండిదాకా ఓర్చుకో” అంది.

మేం వెళ్ళి తొంగిచూశాం. నేల మీద చాప, చాప మీద ఆ రోజు పొట్ట పట్టుకుని నిలబడిన పిల్ల. పక్కన గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. నేను చెయ్యి వేసి చూశాను. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు ఎండి చిట్లిపోయాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది గానీ చూపు ఎక్కడా ఆనడం లేదు. బాలింతకి అలాంటి జ్వరం వస్తే ఏమవుతుందో నాకు కొంత తెలుసు. 

“ఎన్నాళ్ళ నుంచి ఇలా? ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదు?” అని అరిచాను.

“మామూలు జ్వరమే అనుకున్నామమ్మా. వాడేమో పన్ను నొప్పికి తల గోడకేసి బాదుకుంటున్నాడు. అందుకని ఈ సారికి వాణ్ణి పంపాం” అంది ముసలావిడ. మేమెవరిమో ఆవిడకి తెలియలేదు. వయసుకి ఆవిడ కళ్ళు మసకబారాయి.

“ఇద్దర్నీ పంపకూడదా?”

“ఇద్దరికీ చెప్పులెక్కడివమ్మా? ఉన్నది ఒకటే జత.”

“చెప్పులకీ ఆస్పత్రికీ ఏం సంబంధం? ఇప్పుడే తీసుకుపోదాం, పద” అంది అత్త.

ముసలావిడ కంగారుపడింది. “వద్దమ్మా! చెప్పులు ఇందాకే ఒకసారి వెళ్ళొచ్చాయి. ఒకే రోజు రెండుసార్లంటే ఆవిడ పట్టేస్తుంది. ఇప్పటికే ఆవిడకి అనుమానం వచ్చింది.”

“ఎవరికి?” అంది అత్త.

“అదే, తలుపు దగ్గర కర్రపెట్టుకుని కూర్చుంటుందే, ఆవిడకి. చెప్పుల్లేకపోతే లోపలికి రానివ్వదు.”

అంతలో పన్ను నొప్పి మనిషి వెనక్కి వచ్చాడు. అత్తను చూసి కొయ్యబారిపోయాడు. వాచిన బుగ్గతో “పెద్దమ్మా, ఈవిడే” అన్నాడు.

ముసలావిడ చేతులు గాల్లో తడుముకున్నాయి. గబగబా మేకు మీది చెప్పులు తీసి, రెండు చేతులతో అత్త ముందు పెట్టింది.

“ఇవిగోనమ్మా. దొంగ చెప్పులు కావు తల్లీ, అందరం కలిసి కొన్నాం. ఎవరు తొడుక్కొచ్చినా మనిషి మాత్రం నిజంగానే రోగి. ఊరికే ఎవ్వరం రాలేదు.”

అత్త వాటిని ముట్టుకోలేదు.  “చెప్పుల్లేకపోతే రానివ్వనని ఎవరు చెప్పారు నీకు?”

“మీరేనమ్మా. మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, చెప్పులేవి, వరసలో పెట్టు అన్నారట. అంతమందిలో లేవని చెప్పడానికి సిగ్గేసింది ఆయనకి. తిరిగొచ్చేశాడు. తర్వాత తలా కాస్తా వేసుకుని ఇవి కొన్నాం.”

“ఆయన మళ్ళీ వచ్చాడా? ఎక్కడున్నాడు?”

ముసలావిడ చెప్పు మీద ఊడిపోతున్న పేలికను మళ్ళీ తీగకి చుట్టి ముడేసింది.  అత్త మళ్ళీ అడగలేదు. నేనైతే అడగకూడదని మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత జరిగినదంతా నాకు కలగాపులగంగా గుర్తుంది. ఎవరో మంచం తెచ్చారు. పిల్లని పడుకోబెట్టారు. నలుగురు నాలుగు కోళ్ళూ భుజానికెత్తుకున్నారు. పసిబిడ్డ నా చేతుల్లోకి ఎలా వచ్చిందో తెలియదు. డాక్టరు గారు వెళ్ళిపోతారేమోనన్నదొక్కటే నా ధ్యాస. బయల్దేరబోతుంటే ముసలావిడ పరుగున వచ్చి, ఆకుపచ్చ చెప్పుల్ని మంచం మీద ఆ పిల్ల కాళ్ళ దగ్గర పెట్టింది. అక్కర్లేదని నేను అన్నాను. వినిపించుకోలేదు.  దారంతా చెప్పులు మంచమెక్కి వచ్చాయి, మోసేవాళ్ళు ఒట్టికాళ్ళతో పరుగెత్తారు.

డాక్టరు గారు అప్పుడే కారెక్కుతున్నారు. అత్త అంత దూరం నుంచే పొలికేక పెట్టింది. ఆయన దిగి, పిల్లని చూసి, సూది మందు ఇచ్చి, బిడ్డతో సహా తన కార్లోనే వెనక సీట్లో పడుకోబెట్టించుకుని పట్నంలోని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. ముసలావిడ మాత్రం వరండాలో మిగిలిపోయింది. ఖాళీ గోడవార, సరిగ్గా వరస మొదలయ్యే చోట, ఆ చెప్పులు పెట్టి పక్కన కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

ఆ పిల్ల బతికింది. చాలా రోజులు పట్టింది, కానీ బతికింది. డాక్టరు గారు ఆ కబురు చెప్పి, అత్తకేసి కాస్త మొహమాటంగా చూశారు.

“మీ మతికేం ఢోకా లేదమ్మా. మీరు చూసిందంతా నిజమే. పీట వదలాల్సిన పని లేదు.”

“మతే పోయుంటే బాగుండేదయ్యా” అంది అత్త.

ఆయనకి ఆ మాట సరిగ్గా అర్థమైందో లేదో. నాకు అర్థమైంది. పేదవాళ్ళ కోసమని కట్టిన ఆస్పత్రిలో, పేదవాళ్ళంటే కాళ్ళకి చెప్పులున్నంత పేదవాళ్ళే అని మేమంతా ఎలా అనుకున్నాం? ఎవరూ అనుకోలేదు. అసలు ఎవరూ ఏమీ అనుకోలేదు, అలా జరిగిపోయింది. నాకు కోపం వస్తుంది, కానీ ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియదు. వరస పెట్టింది అత్త. ఎందుకు పెట్టింది? రోగుల కాళ్ళు నొప్పెడతాయని. దీన్ని తప్పంటే నా నోరు రాదు, ఒప్పంటే ఆ ముసలావిడ మొగుడు గుర్తొస్తాడు.

ఇప్పుడు చెప్పుల వరస లేదు. బల్లలు వేశాం. మళ్ళీ గొడవలు మొదలయ్యాయి. అత్త ఒక్కొక్కరి ముఖం చూసి గుర్తుపెట్టుకుని పిలవాలని పంతం పట్టింది. ముఖాల విషయంలో మాత్రం ఆవిడది బొత్తిగా చంటిపిల్ల చదువు. పన్ను నొప్పి ఆయన్ని పట్టుకుని కాన్పు ఎప్పుడని అడుగుతుంది. అందరూ నవ్వుతారు, ఆవిడా నవ్వేస్తుంది. అద్దం కట్టించిన ఫోటో తీసేద్దామని నేనంటే, “ఉండనీ, నేను చూడాలి” అంది.

క్వారీ గుడిసెలకి మేం నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాం. చెప్పులు అక్కర్లేదని, ఎంతమందైనా రావచ్చని, ఎలా ఉన్నవాళ్ళు అలాగే రావచ్చని ఇంటింటికీ చెప్పాం. అందరూ తలూపారు. “అలాగేనమ్మా” అన్నారు. వస్తున్నారు కూడా. కానీ ఒక్కొక్కరే వస్తారు. ఆ ఆకుపచ్చ జత లేకుండా మాత్రం ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

మొన్న ఆ పిల్ల బిడ్డని చంకనేసుకుని వచ్చింది. ఎండ మండిపోతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, వరసే లేని గోడవార జాగ్రత్తగా పెట్టింది. అత్త పీట మీద నుంచి లేచింది.

“ఎన్నిసార్లు చెప్పానే నీకు? ఇక్కడ ఇవి అక్కర్లేదు. కాళ్ళకి తొడుక్కోవే, బొబ్బలెక్కుతున్నాయి!”

ఆ పిల్ల అత్తకేసి అర్థం కానట్టు చూసింది.

“ఇవి తొడుక్కునేవి కావు కదమ్మా. ఆస్పత్రి చెప్పులు.”

 కర్ర అలవాటుగా అత్త చేతిలోకి వచ్చింది. కొంచెం వంకరగా ఉన్న ఎడమ చెప్పుని దాంతో సరిచేసి, లోపలికి వెళ్ళమని ఆ పిల్లకి తలుపు తీసింది.